వంటగది కిటికీలో కొండ

ఈ రోజు డబ్లిన్‌లో ఇళ్లు చూడ్డానికి వెళ్లాం. ఊరి చివరి కొండలన్నీ పశువుల మేత భూములట. అక్కడ ఇళ్లు కట్టనివ్వరట. అందుకే ఉన్న ఇళ్లకి ఇంత రేటని ఏజెంట్ చెప్పాడు. "ఆవులకి కొండలు, మనకి అపార్ట్‌మెంటా?" అని దారంతా సణిగాను.

ఆఖరి ఇంట్లో వంటగది కిటికీ బ్లైండ్స్ పైకి లాగాను. ఎదురుగా పచ్చటి కొండ, దాని మీద జారుతున్న మబ్బు నీడ, ఆ నీడలో కలలో నడుస్తున్నట్టు నాలుగు ఆవులు. ఎంతసేపు నిలబడిపోయానో తెలీదు.

"ఆ కొండ మీద ఎప్పటికీ ఇళ్లు కట్టరు కదా?" అని ఏజెంట్‌ని అడిగాను.

మా ఆయన ఫక్కున నవ్వారు. "పొద్దుట్నుంచీ నువ్వు తిట్టింది ఆ రూల్‌నే కదే!"

ఆ ఇల్లు మా బడ్జెట్‌కి అందదు. కిటికీ మాత్రం నాతో వచ్చేసింది. నిజం చెప్పండి, ఆ ఇల్లు మీకే దొరికితే, ఇక ఆ కొండ మీద ఎవర్నీ కట్టనివ్వొద్దని మీరు మాత్రం అనరూ?