వదిన పోసిన చుక్క నెయ్యి

అల్వాల్ దగ్గర ఒక పశువుల పాకలో చచ్చిపోయిన దూడ తోలులో గడ్డి కూరి, దాన్ని తల్లి గేదె ముందు నిలబెట్టి పాలు పిండడం కళ్ళారా చూశాను. పాపం, ఆ గేదె తోలును నాకుతూనే ఉంది. ఆ రోజు నుంచి పాలు, పెరుగు, నెయ్యి నా గొంతు దిగలేదు. ఇంట్లోవాళ్ళు కొన్నాళ్ళు నవ్వి ఊరుకున్నారు. మా ఆయన అక్క మాత్రం ఊరుకోలేదు.

వదిన పద్మారావు నగర్‌లోనే, మా పక్క వీధిలో ఉంటుంది. కోస్తా నుంచి వచ్చి ఇన్నేళ్ళయినా, నెయ్యి చుక్క పడని అన్నం ఆవిడ లెక్కలో అన్నమే కాదు. "అన్నశుద్ధి లేకుండా తింటే ఇంటికి అరిష్టం. పెద్ద సన్యాసిని బయల్దేరింది!" అని నలుగురిలో దెప్పేది.

పోయిన ఏడు వదినా నేనూ కలిసి వియత్నాం వెళ్ళాం. సికింద్రాబాద్ నుంచి వంటమనిషినీ, బియ్యం పప్పుల్నీ, ఆవకాయనీ వెంటబెట్టుకుని వెళ్ళే టూరు అది. పరాయి దేశంలో నాకు తిండెలాగని మా ఆయన బెంగపడితే, "నేను చూసుకుంటాగా" అంది వదిన. చూసుకుంది కూడా. పూటపూటా నా కంచం తనే వడ్డించి తెచ్చేది. ఎంతైనా మనిషి మంచిదే అనుకున్నాను. ఎంత వెర్రిదాన్ని!

ఒక మధ్యాహ్నం పప్పన్నం కలుపుతుంటే కమ్మటి నేతి వాసన వేసింది. కంచం పట్టుకుని వంటమనిషి దగ్గరకు పరుగెత్తాను.

"నేనైతే ఎయ్యలేదమ్మా. మీ వదినమ్మనే రోజూ పోస్తున్నది. మీకు ఎరుకే అనుకున్న," అన్నాడతను.

అమ్మ దొంగా! బస్సులో అందరి ముందూ వదినను నిలదీశాను. ఆవిడ తొణకలేదు. "చుక్కే కదే, ఏమవుతుంది? ఇన్నాళ్ళూ తిన్నావు, చచ్చావా?" అంది. బస్సంతా నవ్వింది. నాకు ఒళ్ళు మండిపోయింది. కిటికీలోంచి ఏ ఊరు పోతోందో కూడా చూడలేదు, ఆ గేదె నాలుకే కళ్ళ ముందు ఆడింది.

ఆ సాయంత్రం మావాళ్ళ వంట ముట్టలేదు. హోటల్ కౌంటర్‌లో ఉన్న అమ్మాయికి ఫోన్‌లో అనువాదం పెట్టి నా గోడంతా వెళ్ళబోసుకున్నాను. చల్లగా ఉండాలి ఆ పిల్ల, నా చెయ్యి పట్టుకుని సందు చివర బౌద్ధులు నడిపే చిన్న భోజనశాలకు తీసుకెళ్ళింది. పుట్టగొడుగులు, టోఫు, నిమ్మగడ్డి వేసిన వేడి వేడి చారు. తింటూ ఏడ్చేశాను. ఇక్కడ తప్ప బయటెక్కడా కూరగాయల నూడుల్స్‌ను నమ్మొద్దనీ, వాటి చారులో పులియబెట్టిన చేపల రసం కలుపుతారనీ ఆ పిల్ల మరీ మరీ చెప్పింది. ఆ మాట కొంగున ముడేసుకున్నాను.

మర్నాడు వంటమనిషికి జ్వరం. అందరూ బయటే తినాల్సి వచ్చింది. కోడిగుడ్డు ఉడికించిన గిన్నెను తోమినా ముట్టుకోని వదిన ముందుకు ఆకులు తేలుతున్న నూడుల్స్ గిన్నె వచ్చింది.

"కూరగాయలేగా?" అని నన్నే అడిగింది.

"కనిపిస్తున్నాయిగా వదినా," అన్నాను.

గిన్నె ఎత్తి చారంతా తాగేసింది. ఇంకోటి తెప్పించుకుంది. "ఏం రుచే! ఇందులో ఏం వేస్తారో కనుక్కో," అంది. అలాగేనని చెప్పి, నా భోజనశాలకు వెళ్ళి హాయిగా తిన్నాను.

తిరిగొచ్చాక ఆ చారు గొప్ప వీధి వీధంతా చాటింది వదిన. పోయిన ఆదివారం చుట్టాలందరినీ భోజనానికి పిలిచింది. నా విస్తట్లో అన్నం పెట్టి, అందరూ చూస్తుండగా నెయ్యి గరిటె ఎత్తింది.

"ఇవాళ నా ఇంట్లో నీ వేషాలు సాగవు. చుక్కే కదా, ఏమవుతుంది?"

"ఆ చారులో ఏం వేస్తారో కనుక్కోమన్నారుగా వదినా," అన్నాను. "చేపల్ని పులియబెట్టి తీసిన రసమట. చుక్కే."

గరిటె గాల్లోనే ఆగిపోయింది. నెయ్యి కారి ఆవిడ పట్టుచీర మీద పడింది.

"తెలిసే తాగనిచ్చావా?" అంది వదిన.

"ఇన్నాళ్ళూ తిరుగుతూనే ఉన్నారుగా, చచ్చారా?"

ఈసారి ఎవ్వరూ నవ్వలేదు. వదిన నోటికి చెంగు అడ్డం పెట్టుకుని పెరట్లోకి పరుగెత్తింది. నేను ఆవకాయ కలుపుకుని, మారు వడ్డించుకుని, కడుపునిండా తిన్నాను.