మా ఆడబిడ్డ శ్రుతిపెట్టె బ్లాగు

మా ఆడబిడ్డ నాగరాణి ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే, ఆలేరులో కరెంటు సామాన్ల దుకాణంలో బిల్లులు కొడుతుందని చెప్పి ఊరుకుంటాను. అది అబద్ధం కాదు. కానీ ఆమె ప్రాణం పెట్టి చేసే పని వేరే ఉంది. అది చెప్పడం మొదలుపెడితే అవతలివాళ్లు ప్రశ్న మీద ప్రశ్న వేస్తారు, చేతిలో టీ చల్లారిపోతుంది. భజన చేసేవాళ్ల కోసం ఫోన్లో వచ్చే సంగీతం యాప్‌లను పరీక్షించి, ఏది మంచిదో ఏది దండగో తెలుగులో బ్లాగు రాస్తుంది. దాని పేరు శ్రుతిపెట్టె.

"అట్లాంటి యాప్‌లు కూడా ఉంటాయా?" అంటారు. ఉంటాయి. శ్రుతి ఒక్కటే పట్టి ఉంచేవి, తబలా వాయించేవి, తాళం కొట్టేవి, తెర మీద నాలుగు మెట్లు చూపించి హార్మోనియం అనిపించుకునేవి. భజన మండలిలో ఇవి వాడేవాళ్లు ఊరికి నలుగురుంటే ఎక్కువ. ఆ నలుగురిలో బ్లాగు చదివేది ఒకరు. ఆ ఒక్కరి కోసం ఇంత యాతన ఎందుకని పెళ్లై ఈ ఇంటికి వచ్చిన కొత్తలో అడిగాను. "ఏదన్న కొత్తది కనవడితే సంగతేందో తెలుసుకోవాలె అనిపిస్తది వదినా. తెలిసినంక ఎవలకన్న చెప్పకుంటె కడుపుబ్బరం" అంది. ఆ రోగానికి మందు లేదు. నాకూ కాస్త అంటుకుంది.

ఇదంతా మొదలైంది ఎలుక వల్ల. మా మామ లక్ష్మీనర్సయ్య వారమంతా మగ్గం మీద కూర్చునే మనిషే గానీ, శనివారం హార్మోనియం ముందు కూర్చుంటేనే ఆయన ముఖానికి కళ. ఆ హార్మోనియం తిత్తిని ఎలుక కొరికేసింది. బాగుచేయించడానికి హైదరాబాదు పంపితే ఎంతకూ తిరిగి రాలేదు. తండ్రి దిగులు చూడలేక నాగరాణి ఫోన్లో ఒక శ్రుతి యాప్ వేసింది. ఆయన చెవి దగ్గర పెట్టుకుని, "గిదేంది, జోరీగ లెక్క జుయ్యిమంటాంది" అన్నాడు. ఇంకొకటి వేసింది. "గిది దవాఖానల మిషన్ లెక్కున్నది" అన్నాడు. మూడోది వేయగానే ఏమీ అనకుండా కళ్లు మూసుకున్నాడు. మూడూ పలికింది ఒకే సా. మరి రెండింటికి తిట్లేమిటి, ఒకదానికి కళ్లు మూతపడటమేమిటి? ఆ ప్రశ్న మా ఆడబిడ్డ బుర్రలో దూరి, బ్లాగై బయటికి వచ్చింది.

ఆమె పరీక్షలు కూడా ఆమె కనిపెట్టినవే. మా అత్త మగ్గం ఆడిస్తుంటే పక్కన ఫోన్ పెడుతుంది. ఆ టకటకల్లోనూ శ్రుతి వినబడితే ఒక గండం గడిచినట్టు. తర్వాత మామ పాడతాడు. ఆయన గొంతు పక్కకు జరిగితే శ్రుతి పట్టి లాగాలి, ఆయన శ్రుతిని లాగకూడదు. చివరిది భద్రమ్మ పరీక్ష. భద్రమ్మ పక్కింటి అవ్వ, అక్షరం ముక్క రాదు. ఫోన్ ఆమె చేతికిచ్చి ఊరుకుంటే, తనంతట తానే శ్రుతి మోగించగలగాలి. ఒక పేరున్న యాప్‌ను భద్రమ్మ, "గీ సోకులెందుకు, ఏడ ఒత్తాలె చెప్పరాదు" అని పక్కన పడేస్తే, నాగరాణి ఆ మాటనే రివ్యూకు శీర్షికగా పెట్టింది. పరీక్ష జరుగుతున్నంతసేపూ డేటా ఆపి ఉంచేది. మా ఇంట్లో అది మామ పెట్టిన కట్టుబాటు. గదిలోంచి వస్తే బల్బు ఆపాలి, బిందె నిండితే నల్లా కట్టేయాలి, పనైతే డేటా బంద్ చేయాలి. అందరి ఫోన్లూ అలాగే ఉంటాయి.

ఈ బ్లాగు నడపడం ఎంత తలనొప్పో దగ్గరుండి చూసినదాన్ని కాబట్టి చెబుతున్నాను. కిందామీదా పడి రివ్యూ రాసిన వారానికే యాప్ రూపం మార్చుకుంటుంది. "మేడం, మీరు చెప్పిన నీలం బటన్ లేదు" అని కింద ఎవరో రాస్తారు. కొన్ని యాప్‌లు చెప్పాపెట్టకుండా మాయమవుతాయి, వాటి మీద రాసింది చచ్చినవాడికి రాసిన జాతకంలా మిగిలిపోతుంది. ఫోన్లో జాగా ఎప్పుడూ చాలదు. నా పెళ్లి అప్పగింతల వీడియో ఒక తబలా యాప్ కోసం బలైపోయింది. ఆ తబలా కూడా బాగాలేదట. వీడియో ఛానెల్ ఒకటి పెట్టుకున్న పెద్దమనిషి ఈమె రాసింది అక్షరం పొల్లుపోకుండా చదివి వేల మంది చేత శభాష్ అనిపించుకున్నాడు. యాప్ తయారుచేసే ఒకాయన, ఏడాది ఉచితంగా ఇస్తాం, నాలుగు మంచి మాటలు రాయమన్నాడు. రాయనంటే, మీ పల్లెటూరి పాత ఫోన్లకు మా యాప్ అర్థం కాదన్నాడు. వాడకట్టులో వాళ్లేమో రింగ్‌టోన్ మార్చిపెట్టమని ఫోన్లు తెచ్చి గడపలో కూర్చుంటారు.

అన్నీ భరించింది. ఒక్క మాట మాత్రం ఎవరైనా అంటే భరించలేకపోయేది: నువ్వు సరిగా చూడలేదు అనే మాట. చూడనిదే రాయనన్నది ఆమె పౌరుషం. ప్రతి రివ్యూ చివర ఒకే తీరున రాసే వరుసలు కొన్ని ఉండేవి. వాటిలో ఒకటి, "ప్రకటనల గోల: లేదు."

పోయిన వానాకాలంలో కట్టంగూర్ నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. పేరు పర్వతాలు. మేకలు మేపుకుంటాడు, ఊళ్లో భజన మండలికి పెద్ద. నాగరాణి చేయి ఖాళీ లేక స్పీకర్ పెట్టింది కాబట్టి నేనూ విన్నాను.

"బిడ్డా, మా ఐలేశం పోయిండు. హార్మోని వాయించేది ఆయననే. కర్మల పెద్దదినం నాడు పగటీలి వాళ్లింట్ల భజన పెట్టినం. పెట్టె కాడ కూసునెటోడు లేకపాయె. నువ్వు మంచిదని రాసిన యాప్ ఏసి, ఆయన కూసునే జాగల ఫోన్ పెట్టి మైకు జరిపినం. తత్వం నడుమ ఉండంగ ఫోన్ ఈలలేసింది బిడ్డా. చప్పట్లు కొట్టింది. పేకాట ఆడుండ్రి, గెలువుండ్రి అని ఒక పిల్ల నవ్వుకుంట చెప్పింది. మైకుల."

నాగరాణి చేతిలోని దారపు కండె జారి కింద పడింది.

"ఐలేశం బామ్మర్ది దామోదర్ లేసి మైకు వైరు గుంజిండు. మమ్ముల పొమ్మన్నడు. నువ్వు చూసినప్పుడు గా కూత రాలేదా బిడ్డా?"

"రాలేదు తాతా. ఒక్కసారి గూడ రాలేదు" అంది. నిజమే చెప్పింది పాపం.

ఆ సాయంత్రం బ్లాగులో ఒక గమనిక పెట్టింది. కట్టంగూర్ పాఠకులొకరు పొరపాటున వేరే యాప్ దించుకున్నారని, పేరు సరిచూసుకోవాలని. నాకు అది రుచించలేదు. చూడకుండా ఎలా రాశావన్నాను. "నేను చూసినదాంట్ల లేదు వదినా, మరి వేరేదే గావాలె గద" అంది. తెలివిగలవాళ్ల మొండితనానికి తర్కం తోడైతే నాలాంటిది నోరు మూసుకోవలసిందే.

రెండు రోజులకు పర్వతాలు మళ్లీ ఫోన్ చేశాడు. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "నువ్వు రాసింది నా మనుమరాలు సదివింది. దామోదర్ గూడ సదివిండు. అగో, ఆమెనే మీదే తప్పని రాసింది, సావు ఇంట్ల ఏదో చెత్త ఏసిండ్రు అంటున్నడు. మా మాట పోతె పోనీ. మంగళం పాడకుంట లేసినం, గదే మా ఫికరు. లీలమ్మ అప్పటిసంది ఏడుస్తలేదు, సరిగ తింటలేదు. భజన సగంల ఆగింది గద, ఆయన యాడికి పోతడు, గీన్నే తిరుగుతుండు అంటది. పాడి ముగిద్దమంటె ఆమె తమ్ముడు గడప ఎక్కనిస్తలేడు."

లీలమ్మ అంటే ఐలేశం భార్య. భజన ఎక్కడ మొదలైతే అక్కడ మంగళం పాడి లేవాలి. ఆ సంగతి హార్మోనియం ఇంట్లో పుట్టిన నాగరాణికి ఎవరూ చెప్పనక్కరలేదు. తన రాత వల్లే ఆ గడప మూసుకుందని ఆమెకు అర్థమైంది. ఆ ఆదివారం బస్సులు మారి కట్టంగూర్ వెళ్లాం. నేనెందుకంటే, ఆ ఫోన్ ఈల ఎందుకు వేసిందో తెలియకపోతే నాకు అన్నం సహించేలా లేదు.

పర్వతాలు ఇంటి ముందు నులక మంచం వేశాడు. ఆయన ఫోన్, ఈమె ఫోన్ పక్కపక్కన పెట్టారు. యాప్ పేరు ఒకటే. దాని వెర్షన్ ఒకటే. వేరే యాప్ అన్న మాట అక్కడే పోయింది. రెండూ ఒకే శ్రుతిలో మోగించి, దొంగ కోసం మాటు వేసినట్టు ముగ్గురం మంచం చుట్టూ కూర్చున్నాం. కాసేపటికి పర్వతాలు ఫోన్ తెర మీద రంగురంగుల బొమ్మ లేచి ఈల వేసింది. కట్టేసిన మేకలు బెదిరాయి. నాగరాణి ఫోన్ మాత్రం బుద్ధిమంతురాలిలా సా పట్టుకునే ఉంది. ఆపి మళ్లీ మోగించారు. మళ్లీ ఆయనదే కూసింది. నాగరాణి ముఖం చూడాలి. తప్పు ఎవరిదన్న సంగతే మరచిపోయి, కొత్త బొమ్మ దొరికిన పిల్లలా రెండు ఫోన్లనూ తిప్పి తిప్పి చూస్తోంది.

"తాతా, గీ బొమ్మను ఫొటో తీసి యాప్ తయారు జేసినోళ్లకు పంపుత" అంటూ ఫొటో తీసి, పంపడానికి తన ఫోన్లో డేటా పెట్టింది. శ్రుతి మోగుతూనే ఉంది. నిమిషమైనా కాలేదు, అదే ఈల. అవే చప్పట్లు. అదే పిల్ల నవ్వు.

నాకు నవ్వొచ్చింది. ఆమె ముఖం చూశాక ఆగిపోయింది.

"వదినా, నేను డేటా బంద్ చేసి చూసిన" అంది.

"ఇది ఒక్కటేనా?"

"అన్నీ."

అన్నీ అంటే ఇన్నేళ్ల బ్లాగు. ఇంటి పొదుపు అలవాటు చేతికి ఎంతగా అంటుకుపోయిందంటే, నెట్ ఉంటేనే ప్రకటనలు వస్తాయన్న సంగతి తెలిసి కూడా తన పరీక్షలకు దాన్ని ముడిపెట్టుకోలేదు. చూడనిదే రాయననే మనిషి ప్రతి రివ్యూలోనూ చూడనిది ఒకటి రాసింది. నాకు ఆమె మీద జాలి కలిగింది, ఎప్పుడూ కలగనంత.

తర్వాతి సంగతి ముందే చెప్పేస్తాను. ఆమె బ్లాగు మూయలేదు. డేటా పెట్టి ఒక్కో యాప్‌నూ మళ్లీ మొదటి నుంచి చూస్తోంది. చాలావాటికి కూత ఉంది. మామ రోజూ డేటా అయిపోతోందని సణుగుతాడు గానీ, బంద్ చేయమని మాత్రం అనడు. చదివేవాళ్లు కొందరు జారుకున్నారు. ఉన్నవాళ్లు కొత్త ప్రశ్నలు పంపుతున్నారు.

ఆ రోజు మాత్రం అక్కడే మంచం మీద కూర్చుని పాత గమనిక తీసేసి, తప్పు కట్టంగూర్ మండలిది కాదని, తానే డేటా ఆపి పరీక్షించానని తన పేరుతో రాసింది. "ఇగ నడువుండ్రి తాతా, లీలమ్మ ఇంటికి పోదం" అంది.

దామోదర్ గుమ్మంలోనే ఆపాడు. "ఇప్పుడింకేం తెచ్చిండ్రు, టీవీయా?" అన్నాడు.

"ఏం తేలేదన్నా. గీళ్లది తప్పు లేదు. నేను రాసింది నమ్మి ఏసిండ్రు. వేరే యాప్ అని రాసింది గూడ చూడకుంట రాసిన. నన్ను తిట్టుండ్రి, గని మంగళం పాడనియ్యుండ్రి" అని ఫోన్ చేతికిచ్చింది. అతను నిలబడే చదివాడు. ఒకసారి పర్వతాలు వంక చూశాడు. గుమ్మంలోంచి పక్కకు జరిగాడు.

లీలమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. మనిషి ఎండిపోయి ఉంది. పర్వతాలు ఆమెకు ఎదురుగా కూర్చుని గొంతు సవరించుకున్నాడు, మొదలుపెట్టబోయి ఆగాడు. "శ్రుతి లేకుంటె నా గొంతు మేకపిల్ల లెక్క ఎటువడితే అటు పోతది బిడ్డా. గిన్నేండ్లు ఐలేశం పట్టుకుంటెనే నడిచిన" అన్నాడు. నాగరాణి చేయి అలవాటుగా ఫోన్ మీదికి పోయింది.

"ఫోనొద్దు" అంది లీలమ్మ. "పెట్టె ఉన్నది. ఆయన పోయినకాంచి ఎవలు ముట్టలే."

పాత ధోవతిలో చుట్టిన హార్మోనియం ఆమే మోసుకొచ్చింది. ఆయన ఏ మెట్టు పట్టేవాడని నాగరాణి అడిగితే, అరిగి మెరుపు పోయిన ఒక నల్ల మెట్టు మీద వేలు పెట్టి చూపించింది. నాగరాణికి తండ్రిలా పాటలు వాయించడం రాదు. ఆ ఒక్క మెట్టు నొక్కి, రెండో చేత్తో తిత్తి ఊదుతూ కూర్చుంది. ఇన్నేళ్లూ యాప్‌ల నుంచి ఆమె కోరుకున్నది ఆ ఒక్క పనే: పాడేవాడు పక్కకు జరిగినా తాను జరగకుండా ఉండటం. చేయి లాగినా ఆపలేదు.

పర్వతాలు ఆగిపోయిన చోటి నుంచే తత్వం ఎత్తుకున్నాడు. గొంతు రెండు చోట్ల జారింది, మళ్లీ వచ్చి సా మీద నిలబడింది. తత్వం ముగించి మంగళం పాడాడు. దామోదర్ లోపలికి వచ్చి హారతి పళ్లెం పట్టుకున్నాడు. లీలమ్మ కళ్లకద్దుకుంది. పాట అయిపోయిందని నాగరాణి మెట్టు మీది నుంచి వేలు తీసింది.

శ్రుతి ఆగింది. లీలమ్మ ఆ పెట్టె వైపే కాసేపు చూసింది.

"ఇగ పోయిండు" అని, అప్పుడు ఏడ్చింది.