జత కుదరని కర్రలు

డ్రమ్ము కర్రలు కొనేటప్పుడు డ్రమ్మరు ముందు వాటిని గాజుబల్ల మీద దొర్లించేవాడు. వంకరవైతే గెంతుతాయి. తర్వాత ఒక్కోదాన్నీ బల్ల అంచుకు తట్టి, ఒకే స్వరం పలికేవాటిని జత కట్టేవాడు.

ఆ రోజు పెట్టెడు కర్రలు తట్టినా ఒక్కటీ నచ్చలేదు. "ఏం సరుకయ్యా ఇది? అన్నీ మూగమొద్దులే!" అని కొట్టువాడి మీద ఇంతెత్తున లేచాడు.

కొట్టువాడు అవే కర్రలు తీసి గట్టిగా తట్టాడు. కొట్లో ఉన్నవాళ్లంతా ఉలిక్కిపడి చూశారు. డ్రమ్మరుకు మాత్రం ఎక్కడో పక్కింటి తలుపు తట్టినట్టు వినిపించింది.

"కర్రలు బాగానే పలుకుతున్నాయి గురువుగారూ," అన్నాడు కొట్టువాడు గొంతు పెంచి.

డ్రమ్మరు ముఖాన కత్తివేటుకు నెత్తుటి చుక్క లేదు. అసలే మెత్తని గొంతున్న భార్య తన మీద అలిగి మాట్లాడటం లేదనుకుని, పంతానికి పోయి, ఏడాది కిందటే అతనూ ఆమెతో మాటలు మానేశాడు.