చెరువు తెగినప్పటి చాటింపు

నా మీద ఒక బరువున్నది. శానా ఏండ్లాయె మోయబట్టి. పెండ్లానికి చెప్పలే. చర్చిల మోకాళ్లేసి తక్కిన పాపాలన్నీ ఒప్పుకున్న గని, ఇది మాత్రం గొంతు దాటి రాలే. నువ్వెవరో నాకు తెల్వదు, అందుకే నీకు చెప్తున్న. మొఖం తెలిసినోళ్ల ముందట నాకు నోరు పెగలదు.

మాది మక్తల్ దిక్కు ఊరు. నేను డప్పు కొట్టి చాటింపు వేసేటోన్ని. నాయిన వేసిండు, నాయిన పోయినంక నేను పట్టుకున్న. ఇప్పుడు చేతికొక ఫోనున్నా మా ఊరోళ్లు డప్పు సప్పుడైతేనే బయటికొచ్చి చెవి పెడ్తరు. చాటింపుల అబద్ధముంటదని మా ఊర్ల ఎవ్వరికి తట్టదు. నాకూ తట్టలే, ఆ పొద్దు దాక.

ఆ యేడు ముసురు పట్టింది. ఎన్ని దినాలు పట్టిందో చెప్పలేను. పొద్దు పొడిసేది కుంకేది తెల్వకుంట అంత ఒక్కతీరుగ తెల్లగుండె. చెరువు కట్ట కారుతాందని ఎండకాలం కెళ్లి మొత్తుకుంటనే ఉంటిమి. ఆఫీసర్లు వచ్చిండ్రు, చూసిండ్రు, చాయ్ తాగి పోయిండ్రు. ఆఖరికి తెగింది. కట్ట కింది వాడ మొత్తం నీళ్లల్ల కూసున్నది. ప్రాణాలు దక్కినయి, ఇండ్లు దక్కలే. ఇప్పటికీ కండ్లు మూస్తే జొన్నచేన్ల మీద ఆ నీళ్లే కనవడ్తయి. కదలవు. వాటిల మబ్బులుంటయి, ఎవరిదో తలుపు రెక్క ఒకటి మెల్లగ తిరుక్కుంట పోతుంటది. ఊరంత నిద్రల నడిచినట్టు నడుస్తుంటది, నేను కూడ అండ్లనే ఉంట.

బియ్యం వస్తయన్నరు, రాలే. ఇండ్ల మీద కప్పుకునేటందుకు ప్లాస్టిక్ కవర్లు వస్తయన్నరు. వచ్చిన నాలుగు సర్పంచి సుట్టాల ఇండ్లకాడ ఆగినయి. జనానికి కడుపు మండింది. అంతల మంత్రి వస్తుండని తెలిసింది. వాడ ఆడోళ్లు ఒక్క మాట అనుకున్నరు, కారుకు అడ్డం పండుకుంటం, కూలిన ఇండ్లు పైసలకు రాసుకునేదాక లేవమని.

ఆ మాట సర్పంచి చెవుల పడ్డది. పొద్దుగాల్నే నన్ను పిలిచి, మంత్రి బడికాడికి వస్తుండు, అందరు ఆడికే రావాలెనని చాటుమన్నడు. బడి ఊరికి ఆ కొసన, చెరువు ఈ కొసన. మంత్రి కట్ట చూసి కట్ట మీదికెళ్లే పోతడని, బడి దిక్కు రాడని కూడ నాకు చెప్పిండు. దాచకుంట చెప్పిండు. దాస్తే ఎంత బాగుండు. అప్పటికే నేను ఊరి కావలికారు నౌకరికి అర్జీ పెట్టుకొని ఉన్న, దానికి ఆయన మాట కావాలె. ఆ సంగతి ఆయన ఎత్తలే. భుజం మీద చెయ్యేసిండు, అంతే. కాదంటే ఏమైతుండె? నౌకరి రాకపోవు, కూలికి పోతుంటి. మా నాయిన బతకలేదా అట్ల?

ముసురుకు డప్పు తోలు నాని మెత్తవడ్డది. కాగబెడితె గని పలకదు. వాడల ఏ పొయ్యిల నిప్పు లేదు. కట్ట కింద బుచ్చవ్వ దగ్గర పొగ కనవడ్డది. ఒక్కతే ముసలామె, నా అన్నోళ్లు లేరు. కూలిన గోడ పక్కన మూడు రాళ్లు పెట్టి, నెత్తి మీద సంచి కప్పుకొని జొన్న గట్క ఉడకబెడ్తాంది. నా చేతుల డప్పు చూసి, ఉడికీ ఉడకని కుండను దించి పక్కకు పెట్టింది.

"కాగబెట్టుకో బిడ్డా. ఏం చాటింపు?"

"మంత్రి వస్తుండవ్వా. అందరు బడికాడికి రావాల్నట."

"కూలినయి ఈడైతే బడికాడ ఏం చూస్తడు? నేను ఈడనే ఉంట. నేను పోతే ఇది ఎవరిల్లని ఎవరు చెప్తరు?"

అప్పుడన్న నేను ఊకుంటే అయిపోవు. ఊకోలే. "ఇండ్లు ఆడనే రాసుకుంటరట అవ్వా. రాకుంటే నీకే లుక్సాన్" అన్న. చెయ్యి పట్టి లేపిన. ఈ మాట సర్పంచి చెప్పమనలే. ఇది నా సొంతం.

ఆమె నిప్పుకు కాగిన డప్పు ఆ పొద్దు ఎంత మంచిగ పలికిందో నీకెట్ల చెప్పాలె! నీళ్ల మీదికెళ్లి పోయి మళ్లొచ్చింది సప్పుడు. జనం బడి వరండల కూసున్నరు. పిల్లలు ఒళ్లల్ల నిద్రవోయిండ్రు. ఎక్కడనో కార్ల సప్పుడైంది, వానల అది ఎటుకెళ్లి వస్తాందో ఎవరికి తెలవలే. నేను తల దించుకొని డప్పు తుడుచుకుంట కూసున్న.

మంత్రి బుచ్చవ్వ గోడకాడనే నిలవడి ఫోటో దిగి పోయిండు. వెంట వచ్చిన ఆఫీసరు, మనిషి జాడ లేదు గనక అది ఎప్పటి నుంచో పాడువడ్డ ఇల్లని రాసుకున్నడు. పొయ్యి ఇంక వెచ్చగనే ఉండొచ్చు అప్పటికి.

సంగతి తెలిసి జనం నా మీదికి మర్లవడ్డరు. కొడుదురు కూడ. అడ్డం నిలవడ్డది బుచ్చవ్వనే. వానికి ఏం చెప్తే అది చాటిండు, వానికేం ఎరుక పాపం, అన్నది. అందరు నమ్మిండ్రు. నేను అవునన్నట్టు తల ఊపిన.

నౌకరి వచ్చింది. బుచ్చవ్వకు ఇల్లు రాలే. ఓట్లకు వచ్చినోళ్లందరు ఆమె కవరు గుడిసె ముందట వంగి దండం పెట్టిండ్రు, వస్తది అవ్వా అన్నరు. జెండాలు మారినయి, ఆ మాట మారలే. మండల ఆఫీసుకు ఆమెను బస్సెక్కించుకొని నేనే తీస్కపోయేటోన్ని. పాడువడ్డ ఇంటికి పైసలెట్లొస్తయని వాళ్లు కసురుకుంటే, బయటికొచ్చి చెట్టు కింద రొట్టె విరిచి నాకు సగం ఇచ్చేది. కడుపున పుట్టినోడు కూడ ఇంత చెయ్యడు బిడ్డా, అనేది. నేను ఆ రొట్టె తిన్న. ఎట్ల తిన్ననో, ఎట్ల మింగుడు పడ్డదో!

పోయిన వానకాలం ఆ కవరు కిందనే పోయింది. ఆమె సావుకు డప్పు నేనే కొట్టిన.

సర్పంచిని తిడ్త, మంత్రిని తిడ్త, చాయ్ హోటల్ కాడ అందరికన్న గట్టిగ నేనే తిడ్త. తిట్టినంతసేపు జర అల్కగనే ఉంటది. ఇంటికొచ్చినంక మళ్లా అంతే. నన్ను మాఫ్ చెయ్యమని నిన్నడగ. అది నీ చేతుల లేదు, చేసేటామె లేదు.

ఊరోళ్లు ఇప్పటికీ బుచ్చవ్వ అన్న మాటే అంటరు, వానికేం ఎరుక అని.

ఎరుకే. ఆమె చెయ్యి పట్టి లేపినప్పుడు నాకు అంత ఎరుకే.

ఇగో, చెప్పిన.