కర్ర మాస్టారి మౌనం

ఆయన్ని అందరూ కర్ర మాస్టారు అనేవారు. ఆ పేరు కొత్తగా విన్నవాళ్లు, ఈయనెవరో పిల్లల వీపులు చిట్లగొట్టే రకం కాబోలు అనుకునేవారు. నిజానికి ఆయన జన్మలో ఎవరి మీదా చెయ్యెత్తలేదు. చూపు పోయినవాళ్ల చేతికి తెల్లకర్ర ఇచ్చి, ఇంట్లోంచి వీధిలోకి, వీధిలోంచి రోడ్డు మీదికి, రోడ్డుకి ఇవతలి నుంచి అవతలికి ఒంటరిగా నడవడం నేర్పేవాడు. శిక్షణ కేంద్రంలో ఇరవై ఆరేళ్లుగా అదే ఉద్యోగం. ఎండనపడి వాననపడి తిరిగి తిరిగి చెప్పులరగడం తప్ప ఏం మిగిలిందని భార్య ఎత్తిపొడిచేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

ఆయనకొక పద్ధతి ఉండేది. శిష్యుల వెనక రెండడుగుల దూరంలో నడిచేవాడు, నోరు మాత్రం విప్పేవాడు కాదు. గుంట వస్తే కర్ర చెప్పాలి, సందు వస్తే మీదికి కొట్టే గాలి చెప్పాలి, బండి వస్తే చెవి చెప్పాలి. ప్రాణం మీదికి వస్తుందనిపిస్తే తప్ప "ఆగు" అనేవాడు కాదు. దాంతో శిష్యులందరికీ ఒక ధీమా ఏర్పడిపోయింది. మాస్టారు మాట్లాడలేదంటే దారి బాగున్నట్టే.

ఇంకో గొప్ప కూడా ఉండేది. చివరి పరీక్ష సిగ్నల్ లేని నాలుగు రోడ్ల కూడలిలో. మిగతా మాస్టర్లు అక్కడ కళ్లలో వత్తులేసుకుని నిలబడేవారు. ఈయన శిష్యుడి భుజం దగ్గర చెయ్యి పెట్టి, తనూ కళ్లు మూసుకునేవాడు. "వాళ్ల చెవికి పరీక్ష పెట్టి నేను కళ్లతో దిద్దితే ఎలా?" అనేవాడు. అది పొగరే. కాకపోతే ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా పొరపాటు జరగలేదు కాబట్టి అందరూ దాన్ని ముచ్చటగానే చెప్పుకునేవారు.

రెండేళ్ల కిందట ఆ చెవులే మోసం చెయ్యడం మొదలుపెట్టాయి. భార్యకు అనుమానం వచ్చింది గానీ, చాలా ఆలస్యంగా వచ్చింది. పిలిస్తే పలక్కపోవడం మొగుళ్లకు మామూలే కదా అని కొన్నాళ్లు సరిపెట్టుకుంది. కుక్కర్ ఎన్ని ఈలలేసిందని ఎప్పుడడిగినా ఆయన మూడు అనేవాడు. ఒకరోజు పొయ్యి మీద కుక్కర్ పెట్టకుండానే అడిగింది. మూడు అన్నాడు. ఆటపట్టిద్దామని అడిగిన మనిషి నవ్వలేకపోయింది.

డాక్టరు పరీక్ష చేసి, సన్నటి శబ్దాలు అందడం లేదనీ, కుడి చెవి మరీ పాడైందనీ చెప్పాడు. మిషను పెట్టుకుంటే గదిలో మాటలు వినపడతాయి గానీ, రోడ్డు మీద ఏ చప్పుడు ఎటునుంచి వస్తోందో తేల్చుకోవడానికి దాన్ని నమ్ముకోవద్దన్నాడు. మాస్టారు ఆ కాగితాన్ని మడిచి బీరువాలో బట్టల కింద పెట్టేశాడు.

"ఆఫీసులో చెప్పెయ్యండి," అంది భార్య.

"చెబితే రేపట్నుంచి కుర్చీలో కూర్చోబెడతారు. రోడ్డు లేకపోతే నేనేం చెయ్యను? ఈ ఒక్కరినీ గట్టెక్కించి చెప్తాలే."

ఆ ఒక్కరూ దాటాక ఇంకొకరు వచ్చేవారు. మళ్లీ అదే మాట అనేవాడు.

అలా వచ్చినవాళ్లలో చివరామె సబ్బుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ సెక్షన్‌కి సూపర్‌వైజరు. ముప్పై ఆరేళ్లుంటాయి. భర్త పోయి చాలా కాలమైంది, ఏడాదిన్నర కిందట జబ్బుచేసి రెండు కళ్లూ పోయాయి. అన్నగారింట్లో ఉంటోంది. అన్నగారు మంచివాడే. చెల్లెలికి ఏ లోటూ రానివ్వడు, గుమ్మం మాత్రం దాటనివ్వడు. ఆమెకేమో ఫ్యాక్టరీ మీదే ప్రాణం. సీలు వేసిన పెట్టెను ఎత్తి చూసి లోపల ఒక సబ్బు తక్కువైందని చెప్పగల మనిషి, పనిలేకుండా ఎలా కూర్చుంటుంది? మేనేజరు ఒక మాటిచ్చాడు. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా తనంతట తను గేటుదాకా వస్తే ఆమె సీటు ఆమెదే, శిక్షణ పూర్తయ్యే నెలాఖరు దాకా అందులో ఎవర్నీ వెయ్యను అన్నాడు. ఇంటికీ ఫ్యాక్టరీకీ మధ్య ఉన్నది ఆ నాలుగు రోడ్ల కూడలే.

మూడు నెలల్లో కర్ర ఆమెకు ఒంట్లో భాగమైపోయింది. ఇంత చురుకైన శిష్యురాలిని ఈమధ్య చూడలేదని మాస్టారు భార్యతో కూడా అన్నాడు.

పరీక్ష రోజున ఆమె పేవ్‌మెంటు అంచున నిలబడింది. మాస్టారు వెనక నిలబడి కళ్లు మూసుకున్నాడు. తెరిచి ఉంచుకోవచ్చు, ఎవరూ కాదనలేదు. ఎందుకు మూసుకున్నాడో తర్వాత తనే ఎన్నోసార్లు ప్రశ్నించుకున్నాడు. చూసి దిద్దితే తన పని అయిపోయిందని ఒప్పుకున్నట్టవుతుందని కావచ్చు.

బస్సు వెళ్లింది. లారీ వెళ్లింది. ఆయన చెవులకు రోడ్డు ఖాళీ అయింది. ఆమె కదల్లేదు.

"మాస్టారూ?" అంది.

పద్ధతి ప్రకారం ఆయన మాట్లాడలేదు. ఆమె అడుగు వేసింది.

కుడివైపు నుంచి వచ్చింది బ్యాటరీ స్కూటరు, ఇంజను మోతే లేని బండి. కర్ర దాని చక్రం కింద పడి రెండు ముక్కలైంది. ఆమె పక్కకు పడింది. మణికట్టు బెణికి, మోచేయి గీరుకుపోయింది. అంతటితో పోయిందని చుట్టూ చేరినవాళ్లు అన్నారు.

ఆస్పత్రిలో అన్నగారు మాస్టారిని కడిగేశాడు. "మీ చదువులూ వద్దు, మీ కర్రా వద్దు. నా చెల్లెలు నాకు బరువేం కాదు."

"మాస్టారిని అనకన్నయ్యా," అంది మంచం మీదినుంచి. "ఆయనేం చేస్తారు? నా చెవే నన్ను మోసం చేసింది."

ఆ మాట మాస్టారి మంచి చెవిన పడింది. అప్పుడే చెప్పాల్సింది. మందులు తెస్తానని బయటికి వెళ్లిపోయాడు.

పది రోజులు గడిచాయి. కేంద్రం నుంచి కొత్త కర్ర పంపిస్తే ఆమె తాకనైనా తాకలేదట. వరండాలోకి కూడా రావడం లేదనీ, ఎవరైనా గిన్నె కిందపడేస్తే ఉలిక్కిపడుతోందనీ వదినగారు ఫోన్లో చెప్పింది. చూపు పోయిన మనిషికి మిగిలిందే చెవి. దాని మీద కూడా నమ్మకం పోతే ఇంక కాలు కదపడానికి ఏముంది? ఆ నమ్మకాన్ని పోగొట్టింది తనే అని మాస్టారికి తెలుసు. తిరిగివ్వాలంటే నిజం చెప్పాలి, నిజం చెబితే రోడ్డు పోతుంది. పది రాత్రులు ఆలోచించడానికి ఇందులో ఏముందో నాకైతే అర్థం కాదు గానీ, ఆయనకు పది రాత్రులూ పట్టాయి.

ముందు బీరువాలో కాగితం తీసుకుని కేంద్రం పెద్ద మేడమ్ దగ్గరికి వెళ్లాడు. ఆవిడ చదివి, తేదీ చూసింది.

"దీని తర్వాత ఎంతమందిని దాటించారు మాస్టారూ?"

"ఐదుగురినండి."

ఆవిడ కేకలేస్తే బాగుండుననుకున్నాడు. ఆవిడ కళ్లజోడు తీసి బల్లమీద పెట్టి, రేపట్నుంచి రోడ్డు పని వద్దని మాత్రం చెప్పింది.

అట్నుంచి అటే ఆమె ఇంటికి వెళ్లాడు. వెనకగదిలో మంచం మీద గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. కూర్చోకుండానే చెప్పాడు.

"నీ చెవి తప్పేం లేదమ్మా. తప్పంతా నాది. నాకు రెండేళ్లుగా సరిగ్గా వినపడదు. ఆ బండి నాకు వినపడలేదు."

ఆమె ఇటు తిరిగింది.

"నాకు వినపడింది," అంది. "సన్నగా, ఇసకమీద టైరు జారుతున్నట్టు. అందుకే ఆగాను. మిమ్మల్ని పిలిచాను కూడా. మీరు పలక్కపోతే, అది బండి కాదులే, నేనే భ్రమపడ్డాననుకున్నాను."

ఆమె మంచం దిగి నిలబడింది.

"నా చెవి చెప్పినదాన్ని పక్కనపెట్టి మిమ్మల్ని నమ్మాను మాస్టారూ. పది రోజులుగా ఇక్కడ కూర్చుని, ఇక నా బతుకింతే అనుకుంటున్నాను. ఆరోజు ఆస్పత్రిలో నా పక్కనే ఉన్నారు కదా. ఒక్క మాట చెప్పుంటే ఏం పోయేది మీకు?"

పోయేదేమిటో ఆయనకు తెలుసు, చెప్పుకోవడానికే సిగ్గేసింది.

"వెళ్లండి," అంది. గట్టిగా అనలేదు. ఆయన ఆమె పెదవుల కదలికను బట్టి అర్థం చేసుకుని వచ్చేశాడు.

నెలాఖరు ఇంకా రెండు రోజులుందనగా ఆమె నుంచి ఫోన్ వచ్చింది. భార్య ఎత్తి, విన్నది ఆయనకు గట్టిగా చెప్పింది. రేపు పొద్దున తొమ్మిదింటికి కూడలి దగ్గరికి రమ్మంది.

ఆయన వెళ్లేసరికి ఆమె అక్కడే ఉంది. కుడి మణికట్టుకు కట్టు, ఎడంచేతిలో కొత్త కర్ర. అన్నగారు సందు చివరిదాకా వచ్చి, ఆమె వద్దంటే అక్కడే ఆగిపోయాడు.

"మాస్టారూ, మీరు నా వెనక నిలబడకండి," అంది. "నిలబడితే మళ్లీ మిమ్మల్నే వింటాను. ఆ మూసిన కొట్టు దగ్గర ఉండండి."

ఇరవై అడుగుల దూరం. ఇంత దూరం నుంచి ఆయన ఏ శిష్యుణ్ణీ చూడలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆమె చాలాసేపు కదలకుండా నిలబడింది. ఒకసారి రోడ్డంతా ఖాళీగా కనపడి, వెళ్లు, వెళ్లు అని ఆయన మనసులో అనుకుంటుంటే మలుపు తిరిగి ఒక బ్యాటరీ స్కూటరు వచ్చింది. ఆమె దాన్ని పోనిచ్చి, ఇంకాసేపు ఆగి, అప్పుడు అడుగేసింది. కర్ర నేలకు తగులుతూ ముందుకు పోతోంది. దాని టకటక ఆయనకు అందడం లేదు, కొన కదలడమే కనపడుతోంది.

అవతలి పేవ్‌మెంటు ఎక్కి ఆమె ఇటు తిరిగింది. నోరు కదిలింది. ఏదో చెప్పింది, ఒక్క మాట కాదు, నాలుగైదు మాటలు. మాస్టారు చెయ్యెత్తి గట్టిగా ఊపాడు. నాలుగుసార్లు ఊపాక గానీ ఎవరికి ఊపుతున్నాడో గుర్తురాలేదు. అరుద్దామంటే, ఆమె ఏమందో తెలియకుండా ఏమని అరవాలి? ఆమె జవాబు కోసం తల కాస్త పక్కకు వంచి నిలబడింది. మధ్యలో బస్సు అడ్డొచ్చింది. అది వెళ్లేసరికి ఆమె ఫ్యాక్టరీ గేటు వైపు నడుస్తోంది.

ఇంటికొచ్చాక భార్య ఎదురొచ్చి, దాటిందా అని అడిగింది. దాటిందన్నాడు.

"మీతో ఏమైనా అందా?"

"అంది," అన్నాడు మాస్టారు. "నాకు వినపడలేదు." చెప్పులు విప్పుకోవడానికి గుమ్మంలో కూర్చున్నవాడు, అక్కడే మొహం చేతుల్లో పెట్టుకుని ఏడ్చాడు.