మూడోసారి నూరిన రాయి

మా పెద్దమేస్త్రి మొన్న మంగళవారం ఉదయం రాజేంద్రనగర్ దవాఖానలో కన్నుమూశారు. మామిడిపల్లిలోని మా ఖనిజ పరీక్షా కేంద్రంలో రాళ్లు నూరే మిల్లు ఆయన చేతిలో ఉండేది. ఆయన చదువూ నా చదువూ పదవ తరగతి దాటలేదు. పద్దెనిమిదేళ్లు ఆయన పక్కన నిలబడి నేర్చుకున్నవన్నీ వరుస సంఖ్యలు వేసి రాసుకున్నాను.

పక్కనున్న విమానాశ్రయం నుంచి లేచిన విమానం నెత్తిమీదుగా పోతుంటే ఆయన మాట మధ్యలో ఆగేవారు. చప్పుడు తగ్గాక సరిగ్గా ఆ మాట నుంచే అందుకునేవారు.

నేను చేరిన కొత్తలో ఒక వెండి రాయి వచ్చింది. వెండి కంటికి కనబడనంత సన్నని రేణువులుగా రాతిలో ఇరుక్కుని ఉంది. నూరిన పొడిని నీళ్లలో కలిపి గాలి వదిలితే, రాతి నుంచి విడిపడ్డ వెండి బుడగలకు అంటుకుని సీసం రంగు నురగగా పైకి తేలుతుంది. ఎంత మెత్తగా నూరితే అంత బయటపడుతుందనుకుని, చెప్పిన సమయానికి రెట్టింపు నూరాను. ఆయన చిటికెడు తీసి వేళ్ల మధ్య రుద్దారు.

“ఏందిరా ఇది, ముఖానికి రాసుకునే పౌడరా? బురద చేసినవ్. ఇగ వెండి నురగకు అంటదు, నీళ్ల ఎంబడి పోతది.”

“మరి ఎట్ల చెయ్యాలె మేస్త్రీ?”

“జర నూరు. బయటపడ్డది నురగతోని తీసుకో. మిగిలినదాన్నే మల్ల నూరు. అంతా ఒక్కపారే రావాలంటే ఎట్ల?”

ఆ పద్ధతిని చాదస్తమన్నవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు.

ఈ నెలలో ఒక చిన్న గని నుంచి అలాంటి రాయే వచ్చింది. రెండుసార్లు నూరి తీసినా చాలా వెండి వ్యర్థంలోనే మిగిలింది. ఇది తీయలేని వెండి అని మేము నివేదిక ఇస్తే ఆ గని మూతపడుతుంది. మూడోసారి నూరేలోపే ఆయన మంచాన పడ్డారు.

అంత్యక్రియల మరునాడు మా యజమాని ఆ నివేదికను నా బల్లమీద పెట్టారు.

“సంతకం పెట్టు. ఆ రాయిల ఇగ వచ్చేదేం లేదు.”

“మూడోపారి నూరలేదు సార్.”

“ఆయనే పోయిండు. ఎవరికోసం నూరుతవ్?”

“రాయి గట్లనే ఉంది గద సార్.”

“సాయంత్రం దాక సంతకం కాకపోతే రేపటిసంది రాకు.”

సంతకం చేయలేదు. ఆయన కోసం రెండు నిమిషాలు మౌనం పాటించడం కంటే మిల్లు తిప్పడమే నాకు న్యాయమనిపించింది. ఇది మొండితనమైతే, నేర్పినది ఆయనే. అందుకు నేను ఎవరికీ క్షమాపణ చెప్పను.

మిగిలిన పొడిని గడియారం చూసుకుంటూ నూరి, నురగ తొట్టిలో పోసి గాలి వదిలాను. మొదట తెల్లటి బుడగలే వచ్చాయి. యజమాని గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డారు. కొంతసేపటికి బుడగల అంచులు మసకబారాయి. ఆ తరువాత సీసం రంగు నురగ మందంగా లేచి, తొట్టి అంచు దాటి, నెమ్మదిగా జారడం మొదలుపెట్టింది.