సౌండ్ వద్దని చెప్పలేక

నాకు వినపడటం తగ్గిపోయిందని అందరికంటే ముందు కనిపెట్టింది నేనే. కనిపెట్టి దాచేశాను. దొంగసొమ్ము కూడా ఎవరూ అంత జాగ్రత్తగా దాచరు.

బందరులో, గిలకలదిండి చేపల రేవు పక్కన ఒక ఐస్ ప్లాంటులో ఆపరేటర్ని నేను. కంప్రెసర్లు నడిచే గదిలో పనిచేసేవాళ్లం నోటితో మాట్లాడుకోం, చేతులతో మాట్లాడుకుంటాం. ఎన్ని దిమ్మలు కావాలో వేళ్లు చెబుతాయి. అరచెయ్యి బోర్లా ఆడిస్తే ఆపమని. బోటు మీంచి ఐసు కోసం వచ్చినవాడు గుమ్మంలో నిలబడి గొంతు చించుకున్నా లోపలికి వినపడదు, వాడూ చేతులే ఊపుతాడు. ఇన్నేళ్లు ఆ రొదలో ఉన్న చెవులు ఎప్పుడు మూతపడ్డాయో అక్కడ ఎవరికీ తెలియలేదు. నాక్కూడా చాలాకాలం తెలియలేదు. తెలిసింది ఇంట్లోనే.

భోజనాలయ్యాక నేనూ, మా ఆవిడా, డిగ్రీ చదువుతున్న మా అమ్మాయీ టీవీలో సినిమా చూడటం మాకు అలవాటు. ఎదురుగా నిలబడి మాట్లాడితే సగం చెవితో, సగం పెదాలు చూసి నేను ఎలాగో నెట్టుకొస్తాను. టీవీలో వాళ్లు మన కోసం ఎదురుగా తిరగరు కదా! అందుకని నేను తెరను చూడటం మానేసి వీళ్లిద్దరి మొహాలు చూడటం మొదలుపెట్టాను. వీళ్లు నవ్వితే నవ్వేవాణ్ని. ఒకసారి మా అమ్మాయి మూతి వంకరపోవడం పక్కనుంచి చూసి, ఏదో కామెడీ అనుకుని పకపకా నవ్వాను. తీరా చూస్తే అది ఏడుస్తోంది. తెర మీద ఎవరో తల్లి చచ్చిపోయిందట. "ఏంటి నాన్నా?" అంది నా వైపు తిరిగి. "ఏదో గుర్తొచ్చిందిలే" అన్నాను. ఆ రాత్రి నన్ను నేను తిట్టుకోని తిట్టు లేదు.

డాక్టరు దగ్గరకు వెళ్లొచ్చు కదా అని మీరు అడుగుతారు. వెళ్తే ఆయన కాగితం మీద రాసిస్తాడు. రాసిస్తే అది ఖాయమైపోతుంది. చెవికి మిషను తగిలిస్తారు. రేవులో ఐసు మోసేవాడి దగ్గర్నుంచి వేలం పాడే ఆవిడ దాకా అందరూ నా చెవి వైపే చూస్తారు. మా ప్లాంటులో నాకంటే ముందు పనిచేసిన పెద్దాయనకు చెవుడు. ఆయన వెనకాల నిలబడి మూతులు తిప్పనివాడు లేడు. ఆ మూతులు నా వెనకాల తిప్పుతుంటే నేను బతకగలనా?

బజారులో వెనకనుంచి ఎవరైనా పిలిస్తే నేను పలకను. దాంతో నాకు పొగరు పెరిగిందని పేరొచ్చింది. మోపిదేవిలో చుట్టాలబ్బాయికి పుట్టువెంట్రుకలు తీయిస్తే వెళ్లాం. అక్కడ మా ఆవిడ పిన్నిగారు వెనకనుంచి నన్ను భోజనానికి పిలిచారట. నేను తిరిగి చూడలేదట. ఆవిడ అలిగి విస్తరి ముందు నుంచి లేచిపోతే, మా ఆవిడ వెళ్లి గడ్డం పట్టుకుని బతిమాలి కూర్చోబెట్టింది. నేను చూస్తూ నిలబడ్డాను. ఛీ, ఏం మనిషినో! పోనీ, పొగరనుకుంటే అనుకోనీ, చెవిటోడు అని మాత్రం అనిపించుకోకూడదు అనుకున్నాను.

అలాంటి రోజుల్లో ఒకనాడు ఫోనులో ఒక వీడియో కనిపించింది. ఎవరో కుర్రాడు మాట్లాడుతున్నాడు, అతను మాట్లాడిందల్లా కింద తెలుగులో అక్షరాలై పడుతోంది. ఎవరూ కూర్చుని టైపు చెయ్యడం లేదు, కంప్యూటరే మాట విని రాసేస్తోంది. దాన్ని టీవీకి తగిలిస్తే ఏ సినిమా మాటలైనా పెద్దపెద్ద అక్షరాల్లో చదువుకోవచ్చట. చెప్పొద్దూ, నాకు కాళ్లు నేల మీద నిలవలేదు. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. ఇంట్లో కంప్యూటరుంటుంది, తెర మీద అక్షరాలుంటాయి, నేను సరైన సమయానికి నవ్వుతాను. అంతే కదా నాకు కావాల్సింది!

ఇక చదవడం మొదలుపెట్టాను. ప్రాసెసరంటే ఏమిటో, మెమరీ ఎంతుండాలో, కరెంటు సప్లై డబ్బా ఎలాంటిది తీసుకోవాలో, పనిలో ఖాళీ దొరికినప్పుడల్లా అదే ధ్యాస. మాట వెంటే అక్షరం పడాలంటే ప్రాసెసర్ గట్టిదై ఉండాలి, మెమరీ దండిగా ఉండాలి. ఆటలాడుకునేవాళ్ల గ్రాఫిక్స్ కార్డు నాకెందుకు, వద్దు. బందరు ఉప్పుగాలి ఇనుమునే తినేస్తుంది గనక సెకండ్ హాండ్ బోర్డు జోలికి పోకూడదు. స్పీకర్లు అసలే వద్దు, టీవీలో ఉన్నవి ఇంట్లోవాళ్లకు చాలు. మా బడ్జెట్‌లో ఇలా అయితే సరిగ్గా సరిపోతుంది.

"హోమ్ థియేటర్ కంప్యూటర్ పెట్టుకుందాం, పాత సినిమాలన్నీ అందులో దాచుకోవచ్చు" అని ఇంట్లో ప్రకటించాను.

"టీవీకి స్టిక్ పెడితే సరిపోద్దిగా నాన్నా, కంప్యూటరెందుకు దండగ?" అంది మా అమ్మాయి.

ఉన్న కారణం చెప్పలేను, లేని కారణం తట్టదు. "నీకు తెలీదులే, ఊరుకో!" అని దాని మీద ఎగిరాను. మా ఆవిడ నా మొహంలోకి చూసి, "ఆయనకి సరదాగా ఉంది, కొననీవే" అంది.

కొనడానికి గుడివాడ వెళ్లాం. మా బావమరిది ఉండేది అక్కడే, వాడికి తెలిసిన కంప్యూటర్ షాపు ఉంది. వాడు మంచివాడే. కాకపోతే పెళ్లికైనా, పేరంటానికైనా సౌండు పెట్టెలు పెట్టి ఊరు అదరగొట్టకపోతే వాడికి నిద్ర పట్టదు. నేనూ, మా ఆవిడా బస్సు దిగేసరికే వాడు షాపు ముందు సిద్ధంగా ఉన్నాడు.

నేను నాకు కావాల్సినవి చెప్పాను. షాపాయన వింటూ తలూపి, స్పీకర్ల దగ్గరకొచ్చేసరికి వద్దంటున్నానని ఆగిపోయాడు. మా బావమరిది నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"బావా, స్పీకర్లు లేకుండా హోమ్ థియేటరేంటి? ఎవరన్నా వింటే నవ్విపోతారు!"

"నిజమేనండీ" అన్నాడు షాపాయన. "మన వైపు హోమ్ థియేటరంటే జనం ముందు అడిగేది సౌండేనండీ. సినిమాలకి చిన్న ప్రాసెసర్ చాలు. మెమరీ కూడా సగానికి తగ్గించేద్దాం. మిగిలింది సౌండ్ మీద పెట్టండి, ఇల్లు థియేటరైపోద్ది."

"అసలు నీకు సౌండెందుకొద్దు బావా?" అన్నాడు మా వాడు.

ఒక్క ముక్క. ఒక్క ముక్క చెబితే అక్కడితో తేలిపోయేది. నాలుక చివరి దాకా వచ్చింది. షాపులో ఇంకెవరో ఇద్దరు కుర్రాళ్లు మౌసులు చూసుకుంటున్నారు, వాళ్లు కూడా నా వైపే చూస్తున్నట్టు అనిపించింది. మా ఆవిడ వైపు చూశాను. ఆవిడ తల వంచుకుని చేతిసంచి తాడు సర్దుకుంటోంది. "సరే, నీ ఇష్టంరా" అన్నాను.

నేను ఏరుకున్న ప్రాసెసర్ వెనక్కి అద్దాల బీరువాలోకి వెళ్లిపోయింది. దాని బదులు ఐదు చిన్న పెట్టెలూ, వాటి మధ్య బియ్యం డబ్బాలాంటి ఒక పెద్ద పెట్టే వచ్చాయి. షాపాయన అక్కడే ఒక పాట పెట్టాడు. దబ్ దబ్ మని నా గుండెల మీద గుద్దినట్టయింది తప్ప పాటేమిటో ముక్క వినపడలేదు. మా బావమరిది ఆనందంగా నా భుజం పట్టుకుని ఊపాడు. వాడి పెదాలు "ఎలా ఉంది?" అంటున్నాయి.

"అదిరింది" అన్నాను. సిగ్గులేని మొహం నాది.

వాడు మాతోపాటే బందరు వచ్చి, నాలుగు మూలలా పెట్టెలు బిగించి, వైర్లన్నీ కలిపి వెళ్లాడు. ఆ సాయంత్రం వీధివీధంతా మా ఇంట్లోనే. అలమారలో గ్లాసులు గజగజలాడాయి. అందరి మొహాలూ వెలిగిపోతున్నాయి. నేను అందరి మధ్యా కుర్చీలో కూర్చుని, పెళ్లికొడుకులాగా అభినందనలు అందుకున్నాను.

తర్వాత వచ్చిన ఆదివారం మధ్యాహ్నం, ఇల్లు కాస్త సద్దుమణిగాక, నేను నా అసలు పని మొదలుపెట్టాను. మాట విని రాసే ఆ ప్రోగ్రాం ఎక్కించాను. సినిమా సౌండును లోపల్నుంచే దానికి ఎలా అందించాలో నాకు అంతుపట్టలేదు. అందుకని మా అమ్మాయి ఆన్‌లైన్ క్లాసుల కోసం ఎప్పుడో కొన్న మైకు తెచ్చి స్పీకరు ముందు పెట్టాను. అక్షరాలు తెరకు సగం వచ్చేంత పెద్దవి చేసుకుని సినిమా పెట్టాను.

అక్షరాలొచ్చాయి! ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. కానీ ఆ చిన్న ప్రాసెసర్ రొప్పుకుంటూ రొప్పుకుంటూ రాస్తోంది. విలన్ బెదిరించి వెళ్లిపోయి, హీరోయిన్ మొక్కలకు నీళ్లు పోస్తుంటే అప్పుడొచ్చింది కింద, నిన్ను నరికేస్తానని. నాకు నవ్వు రాలేదు, ఒళ్లు మండిపోయింది. ఎవరి మీదని మండాలి? నాకు కావాల్సినదాన్ని నా చేతులతోనే వదిలేసి, నాకు వినపడని మోత కొనుక్కొచ్చాను. సినిమా ఆపేసి, ఎక్కడైనా సర్దితే వేగం పెరుగుతుందేమోనని వెతకడం మొదలుపెట్టాను.

నా వెనకాల మా ఆవిడా, అమ్మాయీ బేసిన్ ముందు పెట్టుకుని రొయ్యలు వలుస్తున్నారు. వాసనను బట్టే తెలుస్తోంది. నేను తల వంచుకుని మౌసుతో కుస్తీ పడుతున్నాను. తలెత్తేసరికి తెర మీద ఇంకా అక్షరాలు పడుతున్నాయి. సినిమా మాటలే మిగిలిపోయి ఆలస్యంగా వస్తున్నాయనుకున్నాను. చదివాను.

మావయ్య మళ్లీ ఫోన్ చేశాడమ్మా సౌండ్ ఎలా ఉందని

ఏం చెప్పావే

నాన్న రోజూ వింటున్నాడని చెప్పా

మంచి పని చేశావు

నా చెయ్యి మౌసు మీదే ఉండిపోయింది.

అసలు స్పీకర్లు వద్దని ఆ రోజు నువ్వొక్క మాట అనొచ్చుగా

ఎందుకొద్దని అడుగుతాడు మీ మావయ్య ఏం చెప్పను ఆయనకి వినపడదని షాపులో నలుగురిలో చెప్పనా

చుట్టాలందరూ నాన్నకి పొగరంటుంటే నాకు ఏడుపొస్తుందమ్మా

అననీ ఆయనకి అదే నయం

ఎన్నాళ్లని ఇలా దాస్తాం

ఆయన దాచినన్నాళ్లూ

చెవుల్లోకి కాదు, కడుపులోకి పోయినట్టయింది ఆ మాట. ఇంతలో ఇంకో సంగతి తట్టింది. మైకు టీవీ దగ్గరుంది, వాళ్లు గదిలో ఆ చివర ఉన్నారు. ఆ మైకు అందుకుందంటే వాళ్లు గుసగుసలాడుకోవడం లేదు, మామూలు గొంతుతోనే మాట్లాడుకుంటున్నారు. నా వీపు వెనక, ఒకే గదిలో, గొంతు తగ్గించే పని కూడా లేకుండా! ఎన్ని నెలలుగా మాట్లాడుకుంటున్నారో. నేను ఎవరికీ తెలియదనుకుని వాళ్ల మొహాలు చూసి నవ్వుతుంటే, నేను నవ్వాలని వాళ్లు నా వైపు తిరిగి నవ్వి చూపించారేమో. అది తలుచుకుంటే నాకు తల కొట్టేసినట్టయింది.

వెనక్కి తిరిగాను. మా అమ్మాయి నా మొహం చూసి, నా మీదుగా టీవీ చూసింది. చేతిలో రొయ్య బేసిన్లో పడేసి, తడి చేత్తో తల్లి మోచెయ్యి పట్టుకుంది. మా ఆవిడ కూడా తలెత్తి చూసింది. తాను ఇప్పుడే అన్న మాటలు తెర నిండా చదువుకుంది. ఆవిడ మొహం అంతలా ఎర్రబడటం నేనెప్పుడూ చూడలేదు. తప్పు చేసింది తనే అయినట్టు చూస్తోంది నా వైపు. ఏదో అంది. గాభరాలో ఏమందో పెదాల మీద నాకు దొరకలేదు. టీవీ వైపు తిరిగి ఆగాను. ఆ దిక్కుమాలిన ప్రాసెసర్ తీరిగ్గా ఆలోచించి ఆలోచించి రాసింది.

ఏవండీ అది ఎప్పట్నుంచి రాస్తుందండీ

మా అమ్మాయి లేచి టీవీ ఆపేయబోయింది. వద్దని చెయ్యి అడ్డంపెట్టాను. మా ఆవిడ మొహంలోకి చూసే ధైర్యం లేక తెర వైపే చూస్తూ చెప్పాను. మళ్లీ కాసేపు ఏమీ రాలేదు. ముగ్గురం దాని కోసమే ఎదురుచూస్తూ నిలబడ్డాం. అప్పుడు పడింది.

నాకు వినపడటం లేదే

నేను అది ఎంత చిన్నగా అన్నానో, ఎంత గట్టిగా అన్నానో నాకు తెలియదు. తెర మీద మాత్రం అన్నిటితో సమానంగా పెద్ద అక్షరాల్లోనే ఉంది.